గర్భవతి తిండి, ఇంటి పొగ – పుట్టబోయే బిడ్డపై ప్రభావం

తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన కామాఠీ కూలీల పేరు మీదనే ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు ఏర్పడింది. తరువాతి కాలంలో నేతపని తెలిసిన తెలుగు కుటుంబాలు బట్టల మిల్లులున్న పరేల్, వర్లీ, దాదర్ పేటల చాళ్లలో స్థిరపడ్డాయి. చాలా కుటుంబాలకు ఉన్నది ఒకే గది. పొయ్యి అందులోనే, బాలింత పక్కా అందులోనే. గర్భవతి ఆహారాన్ని గురించి ప్రపంచ వైద్యులందరూ నేర్చుకొన్న ఒక పాఠం ఈ మిల్లుపేటల నుంచే వెలువడింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చారు. మిల్లు కార్మిక స్త్రీలలో పలువురు గర్భం ధరించిన తరువాత తీవ్రమైన రక్తహీనతకు లోనవుతున్నారు. దానికి సూక్ష్మజీవులు కారణం కావని, తిండిలోని లోపమే కారణమని ఆమె పరిశోధనలో తేలింది. ఈస్టుతో తయారయ్యే 'మార్మైట్' అనే చవక పదార్థం తినిపించగా రోగులు కోలుకొన్నారు. ఈ ఫలితాలు 1931లో ప్రచురితమయ్యాయి. అందులోని గుణకారి పదార్థాన్ని 1941లో పాలకూర వంటి ఆకుల నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో 'ఫోలియం' అంటే ఆకు. మన ఇళ్లలో పేదల కూరగా చిన్నచూపు చూసే ఆకుకూరకు ఇంతటి విలువ ఉన్నది.

ఫోలిక్ ఆమ్లం లోపిస్తే తల్లికి రక్తం తగ్గడమే కాదు, బిడ్డ వెన్ను, మెదడు సరిగా ఏర్పడకపోయే ప్రమాదమూ ఉన్నది. గర్భం నిలిచిన 28 రోజుల లోపలే బిడ్డ నాడీనాళం మూసుకొంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. కనుక నెల తప్పిన తరువాత జాగ్రత్త పడితే ఆలస్యమైనట్లే. పిల్లలు కావాలనుకొన్ననాటి నుంచే వైద్యుల సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడాలి.

ముంబయి మురికివాడలలోనే 2006లో మొదలైన 'సరస్' పరిశోధన దీనికి మరొక ఆధారం. ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపిన చిరుతిండిని స్త్రీలకు గర్భానికి ముందు నుంచే ఇచ్చారు. మొత్తం మీద బిడ్డల బరువులో స్పష్టమైన తేడా కనిపించలేదు. అయితే గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారి బిడ్డలు సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. గర్భకాలపు మధుమేహం 12.4 శాతానికి బదులు 7.3 శాతం మందిలోనే కనిపించింది.

ఇక పొగ సంగతి. కట్టెల పొయ్యి, బీడీ, చుట్ట – వీటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. రక్తహీనత గల తల్లికి ఇది రెట్టింపు నష్టం. బిడ్డ బరువు తగ్గుతుంది. బీడీలు చుట్టే స్త్రీలకు పొగ త్రాగకపోయినా చేతి చర్మం గుండా నికోటిన్ ఒంటికి చేరుతుంది. గర్భవతి ఉన్న ఇంట్లో మగవారు బీడీ వెలిగించరాదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పెద్దలు కోడలి కంచంలో అన్నం తగ్గించడం కూడా తగదు.

ఆకుకూరను ఎక్కువసేపు ఉడికిస్తే ఫోలిక్ ఆమ్లం నశిస్తుంది. ఇనుము మాత్రను టీతో వేసుకోరాదు. మలం నల్లబడితే భయపడనక్కరలేదు. ముంబయి నుంచి పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లలు అక్కడి మాతా శిశు సంరక్షణ కార్డును వెంట తెచ్చుకొని ఇక్కడి ఏఎన్ఎంకు చూపించాలి.