ఇటలీ రాజనీతి: మాకియవెల్లీ తెచ్చిన మలుపు

పదిహేనో శతాబ్దంలో ఇటలీ ఒకే దేశం కాదు. వెనిస్, మిలాన్, ఫ్లోరెన్స్, పోపు ఏలుబడిలోని ప్రాంతం, నేపుల్స్ పెద్ద రాజ్యాలు. వాటి నడుమ చిన్నాచితకా సంస్థానాలు. చాలాచోట్ల గద్దె కత్తితోనో డబ్బుతోనో దక్కినదే. అందుకే పాలకుడు ఎలా మెలగాలన్న ప్రశ్న అక్కడి పండితులను అంతగా పట్టుకుంది.

మొదట్లో జవాబు ప్రాచీన రోమన్ రచయితలు సిసెరో, సెనెకాల నుంచి వచ్చింది. కవి పెట్రార్క్ 1373లో పాదువా ప్రభువుకు రాసిన లేఖలో, ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకొమ్మన్నాడు. వీధుల్లో పందులు తిరగకుండా చూడమని కూడా చెప్పాడు. దయ, దానగుణం, ఆడిన మాట తప్పకపోవడం ఉంటే రాజ్యం నిలుస్తుందని ఆ తరం నమ్మకం.

1494లో ఫ్రెంచి సేనలు ఆల్ప్స్ దాటి రావడంతో ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. ఫ్లోరెన్స్‌ను ఏలుతున్న మెదీచీ కుటుంబాన్ని వెళ్లగొట్టారు. 1498లో అక్కడి గణతంత్ర ప్రభుత్వంలో 29 ఏళ్ల నికొలో మాకియవెల్లీ కార్యదర్శిగా చేరాడు. 1502 చివర రాయబారిగా, పోపు కొడుకూ సేనానీ అయిన చెజారే బోర్జా వెంట ఉన్నాడు. రొమాన్యా ప్రాంతాన్ని దారికి తేవడానికి బోర్జా రెమీరో అనే కఠినుడికి సర్వాధికారాలూ ఇచ్చాడు. అతడు అల్లర్లు అణచాడు, జనం పగ మూటగట్టుకున్నాడు. డిసెంబరు 26 ఉదయం చెసేనా పట్టణ కూడలిలో, బోర్జా ఆజ్ఞతో చంపిన రెమీరో శవం రెండు ముక్కలై పడి ఉంది. పక్కనే ఒక కొయ్యదుంగ, నెత్తుటి కత్తి. కసి తీరి జనం తృప్తిపడ్డారు, అదే చూపులో నిర్ఘాంతపోయారు.

1512లో మెదీచీలు తిరిగొచ్చాక మాకియవెల్లీ కొలువు పోయింది. మరుసటి ఏడు కుట్ర అనుమానంతో చెరలో పెట్టి, చేతులు వెనక్కి విరిచికట్టి తాడుతో వేలాడదీశారు. విడుదలయ్యాక పల్లెలో కూర్చుని ‘ప్రిన్స్’ అనే పుస్తకం రాశాడు.

చెడ్డవాళ్ల మధ్య ఎప్పుడూ మంచిగానే ఉండేవాడు నాశనమవుతాడన్నది దాని సారం. చేతికి ఎముక లేనట్టు దానం చేసే రాజు చివరికి పన్నులు పెంచాల్సిందే. కాబట్టి పిసినారి అనిపించుకోవడమే ప్రజలకు మేలు. బలప్రయోగం సింహానిదీ మోసం నక్కదీ, రెండూ మనిషికి తగవని సిసెరో అంటే, పాలకుడికి రెండూ కావాలన్నాడు మాకియవెల్లీ. ప్రేమ కంటే భయం నమ్మదగినదన్న మాటనే లోకం గుర్తుంచుకుంది. జనం ద్వేషం మాత్రం కొనితెచ్చుకోవద్దని, వాళ్ల ఆస్తుల జోలికి, ఆడవాళ్ల జోలికి పోవద్దని వెంటనే చెప్పింది మరిచిపోవడం అన్యాయం.

ఇంచుమించు అదే కాలంలో విజయనగరంలో కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో యామునాచార్యుడు కొడుక్కి చెప్పినట్టుగా రాజనీతి రాశాడు. రాయలది సింహాసనం మీది అనుభవం, మాకియవెల్లీది కొలువు కోల్పోయినవాడి అనుభవం.

యూరప్‌లో రాజుకు మంచితనం బోధించే పాత దారి ఆగిపోలేదు. 1516లో పండితుడు ఎరాస్మస్, అన్యాయం చేస్తే గాని రాజ్యం నిలవదనుకుంటే గద్దె దిగిపొమ్మని, తర్వాత చక్రవర్తి అయిన యువ చార్లెస్‌కు బోధించాడు. ‘ప్రిన్స్’ అచ్చయింది 1532లో, రచయిత పోయిన ఐదేళ్లకు. 1559లో పోపు నిషేధిత గ్రంథాల పట్టికలో మాకియవెల్లీ రచనలన్నీ చేరాయి. అందులో గణతంత్రాన్ని మెచ్చుకున్న ‘డిస్కోర్సీ’ కూడా ఉంది. రాజు కంటే ప్రజలే స్థిరబుద్ధి గలవారని వాదించిన పుస్తకమది. 1589లో మతగురువు జొవాన్నీ బొతేరో మాకియవెల్లీని ఖండిస్తూనే, రాజ్యాన్ని నిలబెట్టుకునే ఉపాయాలపై తానూ ఒక గ్రంథం వెలువరించాడు.