వారానికో పెన్నీ

శుక్రవారం సాయంత్రం మా పేటలో ప్రార్థన కూడిక ఉంటుంది. పది పన్నెండుమంది ఆడవాళ్ళం, వారానికొకరి ఇంట్లో చేరతాం. ఒక పాట, కాస్త వాక్యం, ప్రార్థన, ఆ తరువాత టీ. మా సంఘం పెద్దది. ఆదివారం గుడిలో ముందు బెంచీ మీద కూర్చున్నదెవరో వెనక బెంచీ వాళ్ళకి తెలియదు. పేటలో వాళ్ళయినా ఒకరికొకరు తోడుంటారని అయ్యగారు ఈ చిన్న బృందాలు పెట్టించారు.

మొదట్లో టీతో రెండేసి బిస్కట్లుండేవి. ఒకావిడ ఓ వారం పకోడీలు వేసింది. పై వారం ఇంకొకావిడ మిరపకాయ బజ్జీలతోపాటు సేమ్యా పాయసం చేసింది. నా వంతు వచ్చేసరికి నేనూ తక్కువ తినలేదు. గులాబ్ జామూన్లు చేసి, వాటి కోసం దాచిన గాజు గిన్నెలు పైకి తీశాను. ఏడాది తిరిగేసరికి వాక్యానికి పావుగంట, ఫలహారానికి ముప్పావుగంట అయింది. నవ్వకండి, మీ భజన మండలిలోనో, మహిళా మండలిలోనో ఇలా జరగలేదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి చూద్దాం!

ఆ రోజుల్లోనే ఒకావిడ రావడం మానేసింది. మేం మాత్రం ప్రతి శుక్రవారం "రాలేకపోయినవారి కొరకు" ప్రార్థన చేస్తూనే ఉన్నాం. అలా నాలుగు నెలలు చేశాం. ఆవిడ ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతలే. ఒకనాడు కూరగాయల బజారులో ఎదురుపడితే, "ఏం వదినా, మమ్మల్ని మరిచిపోయావా?" అని నిష్ఠూరమాడాను. ఆవిడ చేతిలో సంచీని అటూ ఇటూ తిప్పి, "మరేం లేదక్కా, ఆ తరువాతి వంతు నాదే కదా" అంది.

వాళ్ళాయన పనిచేసే మిల్లు మూతపడి అప్పటికి ఆరు నెలలు దాటింది. అందులో రెండు నెలలు ఆవిడ మా మధ్యనే కూర్చుని పాటలు పాడింది. ఏమమ్మా ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానంది. మేమూ సరేననుకుని బజ్జీల గిన్నె అందుకున్నాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న జాన్ వెస్లీ పుస్తకం దుమ్ము దులిపి తీశాను. నేను బి.ఏ.లో ఇంగ్లండు చరిత్ర చదివాను గానీ, అందులో రాజుల పెళ్ళిళ్ళూ యుద్ధాలే గుర్తున్నాయి. మాలాంటి చిన్న కూడికలకి ఆ దేశంలో ఎంత కథ ఉందో ఆ రాత్రి తెలిసింది.

కథ వెస్లీ తల్లి దగ్గర మొదలుపెట్టాలి. ఆవిడ పేరు సుసన్నా. ఎప్‌వర్త్ అనే ఊళ్ళో పాదిరిగారి భార్య. పంతొమ్మిది కాన్పులు, దక్కింది పదిమంది. 1711-12 చలికాలంలో భర్త సభల కోసం లండన్‌లో ఉండిపోయాడు. ఆదివారం సాయంత్రాలు ఆవిడ పిల్లల్నీ పనివాళ్ళనీ కూర్చోబెట్టుకుని ప్రసంగాలు చదివి, ప్రార్థన చేసేది. ఇరుగుపొరుగులు మేమూ వస్తామన్నారు. చూస్తూండగా రెండువందలమంది అయ్యారు. గుడిలోని సహాయ పాదిరికి కన్నుకుట్టి లండన్‌కి ఉత్తరం రాశాడు. ఆడది ఇలా చెయ్యడమేమిటని భర్త నసిగాడు. అప్పుడావిడ ఏం జవాబిచ్చిందనుకున్నారు? మానెయ్యమని సలహా చెబితే చాలదు, గట్టిగా ఆజ్ఞాపించండి, రేపు దేవుడు అడిగితే ఆ పాపం నాది కాకుండా పోతుందని రాసింది. ఆయన ఆ మాట అనలేకపోయాడు. అప్పుడు జాన్‌కి ఎనిమిదేళ్ళు.

ఆ పిల్లవాడు పెద్దయి పాదిరి అయ్యాడు. 1739లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల కూలీలకి ఆరుబయట నిలబడి బోధించాడు. వేలమంది విన్నారు. కానీ వేలమంది వినడం వేరు, పదిమంది కలిసి బతకడం వేరు. ఆ సంగతి వెస్లీకి తెలుసు. విన్నవాళ్ళంతా ఇళ్ళకి పోయి పాత దారి పడితే ఎవరు చూస్తారు?

దానికి ఉపాయం దొరికింది ప్రార్థనలో కాదు, అప్పుల లెక్కలో! బ్రిస్టల్‌లో కట్టిన సమావేశ మందిరం మీద అప్పు మిగిలిపోయింది. 1742 ఫిబ్రవరి 15న ఆ అప్పు తీర్చడమెలాగని అంతా కూర్చున్నారు. కెప్టెన్ ఫోయ్ అనే ఆయన లేచి, అప్పు తీరేదాకా ప్రతివాళ్ళూ వారానికో పెన్నీ ఇద్దామన్నాడు. మనలో చాలామంది బీదవాళ్ళు, అంతమాత్రం కూడా ఇచ్చుకోలేరని ఇంకొకరు అడ్డు చెప్పారు. సరే, అందరికన్నా బీదవాళ్ళని పదకొండుమందిని నాకప్పగించండి, వారం వారం నేనే వాళ్ళ ఇళ్ళకి వెడతాను, ఇవ్వగలిగితే సంతోషం, లేకపోతే నా పెన్నీతోపాటు వాళ్ళదీ నేనే వేస్తాను అన్నాడు ఫోయ్.

ఈ మాట దగ్గర పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. రెండువందల ఎనభై ఏళ్ళ క్రితం ఓ మగవాడికి తట్టినది, ఇల్లు నడుపుకునే పన్నెండుమంది ఆడవాళ్ళకి తట్టలేదే!

సంఘమంతటినీ పన్నెండేసిమంది చొప్పున విడదీశారు. వీటికి "క్లాసులు" అని పేరు. పెన్నీ కోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకి పెన్నీతోపాటు ఇంకేవో కంటబడ్డాయి. ఫలానావాడి నడవడి బాగాలేదని ఒక నాయకుడొచ్చి వెస్లీకి చెప్పాడు. ఇన్నాళ్ళూ తాము వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి తోచింది. అంతటితో డబ్బు వసూలు వెనకబడి, మనుషుల బాగోగులు ముందుకొచ్చాయి.

కొన్నాళ్ళకి ఇంటింటికీ తిరగడంలో చిక్కులొచ్చాయి. కాలం చాలదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ బీదవాళ్ళలో చాలామంది పెద్ద ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. యజమానులు రానివ్వరు, రానిచ్చినా పక్కనే నిలబడతారు. యజమానురాలు వింటూంటే పనిపిల్ల మనసులో మాట చెబుతుందా? పైగా ఒకరి మీద ఒకరు చెప్పుకునే చాడీలు ఎదురెదురుగా కూర్చుంటే తప్ప తేలవు. అందుకని అందరూ వారానికోసారి ఒకచోట చేరే ఏర్పాటు చేశారు. 1743లో రాసిన నియమాలలో నాయకుడి పనేమిటో ఉంది. ప్రతి ఒక్కరినీ వారానికి ఒకసారయినా చూడాలి, ఆత్మ ఎలా ఉందో అడగాలి, బీదల కోసం ఇవ్వదలచుకున్నది పుచ్చుకోవాలి. ఎంతివ్వాలన్న లెక్క లేదు, ఎంత మనసయితే అంతే.

వీటిలో ఆడవాళ్ళూ నాయకురాళ్ళయ్యారు. సారా క్రాస్బీ అనే ఆవిడని 1757లో భర్త వదిలేసిపోయాడు. 1761 ఫిబ్రవరిలో డెర్బీ ఊళ్ళో ఆవిడ క్లాసు నడపడానికి వెళితే, ముప్ఫైమంది వస్తారనుకున్న చోట దాదాపు రెండువందలమంది వచ్చారు. ఒక్కొక్కరినీ అడగడం అయ్యేపని కాదు. లేచి పాట చెప్పి, ప్రార్థన చేసి, దేవుడు తనకేం చేశాడో చెప్పింది. తప్పు చేశానేమోనని బెదురుతూ వెస్లీకి రాస్తే, నువ్వు హద్దు దాటలేదని ఆయన ధైర్యం చెప్పాడు. సుసన్నమ్మ కొడుకు కదా మరి!

అన్నట్టు, వాళ్ళకీ ఫలహారాలుండేవి. "ప్రేమ విందు" అని పేరు. మొరేవియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకున్న ఆచారం. పేరు చూసి నేనూ ఆశపడ్డాను. పెట్టేది కాస్త చప్పటి కేకు, మంచినీళ్ళు. అంతే! ఆ విందుకి ఆతిథ్యం ఇవ్వలేని బీదవాళ్ళంటూ ఉండరు.

అంతా బంగారమేనని చెప్పను. మూడు నెలలకోసారి చీటీలు ఇచ్చేవారు. నడవడి బాగా లేకపోతే చీటీ ఉండదు. ఇలా గుచ్చి గుచ్చి అడగడమేమిటని గిట్టనివాళ్ళు ఎద్దేవా చేశారు. పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ ఆ క్లాసులు కూడా అరిగిపోయాయి. కాగితాల మీద నియమాలు అలాగే ఉన్నాయి గాని, కూడికలకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

ఆ శతాబ్దం చివరలోనే వెస్లియన్ మిషనరీలు నిజాం రాజ్యానికి వచ్చారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వాళ్ళు కట్టిందే. కరువు రోజుల్లో కూలికి అన్నం పెట్టి కట్టించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1947 సెప్టెంబరు 27న ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. మా సంఘానికీ మూలం అదే. అంటే ఫోయ్‌గారు మాకు ఒక లెక్కన తాతగారు! ఆయన అప్పగించిన కూడికని మేం అందుకున్నాం గాని, వాకిలి తట్టే అలవాటు మాత్రం ఎక్కడో దారిలో జారవిడిచాం.

మరుసటి శుక్రవారం కూడికలో ఇదంతా చెప్పాను. మిల్లు సంగతి మాత్రం చెప్పలేదు, అది ఆవిడ చెప్పుకోవలసినది. ఇకనుంచి టీ తప్ప మరేమీ వద్దన్నాను. పకోడీలావిడ మొహం చిన్నబుచ్చుకుంది. "మరి ఆ పెన్నీ ఎవరిది, ఎలా తెలుసుకుంటాం?" అని ఒక పెద్దావిడ అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి ఆవిడే, "వెళ్ళి అడగాలి కామోసు" అంది.

నేను వెళ్ళాను. మొదటిసారి ఆవిడ తలుపు సగమే తెరిచింది. రెండోసారి గుమ్మంలో చాప వేసింది. మూడోసారి ఏం మాట్లాడకుండా కళ్ళు తుడుచుకుంది. నేనూ వాక్యం చెప్పలేదు, ఊరికే కూర్చున్నాను. నెలన్నర తరువాత కబురు పంపింది, వచ్చే శుక్రవారం మా ఇంట్లో అని.

వెళ్ళాం. పల్చటి టీ, సగం సగం గ్లాసులు. అది తాగాక ఆవిడే అంది, మిల్లు మూతపడిన దగ్గరనుంచి మొదలుపెట్టి, అంతా. ఆ సాయంత్రం వాక్యం మొదలయ్యేసరికి బాగా చీకటి పడింది. ఒక్కరం కూడా గడియారం చూసుకోలేదు.

వచ్చేస్తూంటే పకోడీలావిడ ఆవిడ చేతిలో ఏదో పెట్టబోయింది. ఆవిడ తీసుకోలేదు. "డబ్బులొద్దక్కా, మీకు తెలిసినచోట మా ఆయనకి పని చూడండి" అంది. ఆ మాట మాలో ఎవరమైనా ముందే అడిగి ఉంటే, ఆరు నెలల కిందటే చెప్పేది.