మనం డప్పు కొట్టని మొదటి పండుగ



డిసెంబర్ వస్తే మనోళ్ల వాట్సాప్ గ్రూపుల నిండా చిన్నప్పటి క్రిస్మస్ ముచ్చట్లే. కొత్త బట్టలు, రంగు కాగితాల నక్షత్రం, నడిరాత్రి క్యారల్స్, బూందీ పొట్లం. చదివితే నాకూ సంతోషమే. కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగరు. నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో ఏడాది పొడుగునా పండుగలే కదా. మనకు తియ్యగా గుర్తుండిపోయింది ఇదొక్కటే ఎందుకు?

బొడ్రాయి, బోనాలు, దసరా, పీర్లు, ఏ పండుగైనా మాదిగ డప్పు లేనిదే మొదలు కాదు. కానీ ఆ పండుగల్లో మనోళ్లు పనివాళ్లు. డప్పు కొట్టాలె, చెప్పిన చాకిరి చేయాలె, అంతా అయినంక దూరంగా నిలబడి కొంగు పడితే పడేసింది తెచ్చుకోవాలె. దాని పేరు మామూలు. అది కూలీ కాదు, కానుకా కాదు. మోటబొక్కెనకు తోలు ఇచ్చినట్టే, దొర కబురు పక్క ఊరికి మోసినట్టే డప్పు కూడా వెట్టిలో భాగం.

ఇప్పుడు ఒంగోలు దిక్కు పోదాం, ఎందుకంటే ఈ కథ అక్కడ మొదలైంది. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కొత్తగా చేరినవాళ్లకు చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మతం నియమాల్లాగే కనబడతాయి. ఊరికి మాత్రం అవి సమ్మె నోటీసులే. విగ్రహానికి మొక్కనోడు జాతరకు డప్పు ఎందుకు కొడతాడు? కరణం, మునసబులకు కోపం వచ్చింది ఏసు మీద కాదు, ఆగిపోయిన చాకిరి మీద. "బియ్యం కోసం మతం మారారు" అనేవాళ్లకు ఒక్క మాట. 1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి ఇప్పించాడు, కానీ ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టినంక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు.

ఆ గాలి కృష్ణ దాటి నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1885లో ఎల్బర్ట్ చూట్ పాలమూరులో మిషన్ పెట్టాడు. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పెట్టాడు. ఈయన రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు. తర్వాత అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తిలో కాంపౌండ్లు కట్టారు. అక్కడి చర్చి ఆడవాళ్లు కుట్టి మూటలు కట్టిన బట్టలు, వాడేసిన క్రిస్మస్ కార్డులు ఓడల మీద ఇక్కడికి వచ్చేవి. మన మట్టిగోడలకు అంటించిన మంచు బొమ్మలు అట్ల వచ్చినవే.

కానుక సంగతి ఇక్కడే ఆగి చెప్పాలి. అప్పటిదాకా ఊరు మనకు ఇచ్చిందంతా మిగిలిందో, చినిగిందో, పైనుంచి జారవిడిచిందో. క్రిస్మస్ పొట్లం పిల్లల్ని పేరు పెట్టి పిలిచి చేతిలో పెట్టారు. చెయ్యికి చెయ్యి తగిలింది. మా నాయనమ్మ ముసలితనంలో కూడా పొట్లంలో ఏముందో చెప్పేది కాదు, ఎట్లా ఇచ్చారో చెప్పేది. అట్లని మిషన్ బంగళాను స్వర్గం చేయొద్దు. అక్కడా "దొర", "దొరసాని" అనే పిలిచాం. అక్కడి వంటింట్లో, తోటలో పని మనదే. మాల, మాదిగ చర్చిలు వేరువేరుగా ఉన్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

నా కాలానికి ఓడ మూటలు లేవు. మా నాయిన ఉద్దెరకు ఒకే తానులో పాప్లిన్ గుడ్డ తెచ్చేవాడు, ముగ్గురికీ ఒకటే రంగు. మేరాయన 24 రాత్రి దాకా కుట్టేవాడు కాదు. అదే రాత్రి ఢోలకు, కంజిర, తాళాలతో వాడంతా తిరిగేవాళ్లం. ఏ ఇంటి ముందు ఆగినా చాయ్, పిడికెడు బూందీ.

పాడింది ఏమిటి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. అందులో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. అగ్రహారం అరుగు దగ్గరికి కూడా రానీయని రాగాలు మాదిగవాడలో పొద్దుగూకినంక చదువురాని ఆడవాళ్ల గొంతుల్లో పలికాయి. సంస్కృతం సమాసాలను పాలమూరు యాసలో విరిచి, సాగదీసి, తమవి చేసుకున్నారు. చాలా ఇండ్లల్లో మొదటి అచ్చు పుస్తకం ఆ పాటల పుస్తకమే. అక్షరాలు దాని మీదే దిద్దినోళ్లు ఉన్నారు. దానికి ఒక ధర కూడా ఉంది: వెట్టి డప్పుతో పాటు మన డప్పు కూడా చాలా చర్చిల గడప బయటే ఆగిపోయింది. ఢోలకు లోపలికి, డప్పు బయటికి!

ఈ ముచ్చట్లు చాలామంది ఫేస్‌బుక్‌లో ఎందుకు రాయరో విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెళ్లు తెలుసుకోవాలి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సీలో వేసి 1 శాతం ఇచ్చారు. అందుకే నాకు బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. ఒక గుమాస్తా ఫారం మీద పెన్ను పట్టుకొని "పండుగ ఏది చేస్తరు?" అని అడిగితే మా నాయిన "అన్నీ చేస్తం సార్" అన్నాడు. పాప్లిన్ అంగీ తొడుక్కొని పక్కనే ఉన్న నాకు నోరు తెరవొద్దని ముందే చెప్పి తీసుకుపోయాడు. మతం మారితే అంటరానితనం పోతుందని చట్టం అనుకుంటుంది. చాయ్ హోటల్లో రెండో గ్లాసు పెట్టినోడు ఎవరి బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగాడు?

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినంక డప్పు మళ్లీ మన చేతికొచ్చింది, ఈసారి చాకిరికి కాదు, సభకు. మా దిక్కు ఇప్పుడు కొన్ని వాడల్లో క్యారల్స్ ముందు డప్పే నడుస్తుంది. కొందరు పాస్టర్లకు నచ్చదు. పిల్లలు వినరు.

మీ ఊళ్లో క్రిస్మస్ రాత్రి ఏ వాయిద్యం మోగేది, డప్పు ఎప్పుడు ఆగింది, ఎప్పుడు తిరిగొచ్చింది? ఎనభై దాటిన అవ్వలు ఉంటే ఈ నెలలోనే కూర్చొని పాడించి రికార్డు చేయండి. వచ్చే భాగంలో పీర్ల పండుగ, మన డప్పు.

జై భీమ్.