లాంతరు తాత తిరిగిన వీధులు

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులకు నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటిందంటే ఎవరో ఒకరు తలుపు తడతారు. మొన్న వచ్చినావిడకి ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చంకలో పిల్ల, వెనకాల అత్తగారు. "మామ్మగారూ, ఏమీ అనుకోకండి, మా అత్తయ్యగారికి షుగరు. ఒక్కసారి బాత్రూమ్‌కి..." అంటూ సగంలో ఆగిపోయింది. లోపలికి రమ్మన్నాను. వెళ్ళేటప్పుడు ఆ పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుంది. బీచి రోడ్డంతా చూసుకుంటూ వచ్చారట. సముద్రం చాలా బాగుందిట. నా చేతులు పట్టుకున్నది మాత్రం సముద్రం కోసం కాదు.

ముప్పై మూడేళ్ళు మున్సిపల్ స్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. చూడడానికి వచ్చినవాళ్ళకి ఒక ఊరు ఏమేం సమకూర్చాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది పుస్తకంలో అర పేజీ పాఠం. మా ఊళ్ళో మాత్రం అది మూడున్నర శతాబ్దాల కథ.

మా పెద్దవాళ్ళు వలందావాళ్ళు అనేవారు, మేం డచ్చివాళ్ళు అంటాం. ఇక్కడి నేత గుడ్డల కోసం, బియ్యం కోసం వచ్చి, ఒడ్డున కొట్లు కట్టుకుని, కోట కట్టుకుని, చివరికి సమాధులూ ఇక్కడే కట్టుకున్నారు. ఆ రాళ్ళ మీద కనిపించే అన్నిటికంటే పాత సంవత్సరం 1661. ఆంగ్లేయులతో వచ్చిన యుద్ధాల్లో ఊరు చేతులు మారింది. చివరికి 1824 ఒప్పందం ప్రకారం 1825లో కుంఫిణీ పరమైంది. ఇవన్నీ పిల్లల చేత బట్టీ పట్టించాను. వాళ్ళకి నేను నిజంగా చెప్పాలనుకున్న సంవత్సరం మాత్రం 1861. భీమునిపట్నానికి మున్సిపాలిటీ వచ్చిన ఏడాది అది.

దేశంలోనే రెండో పాత మున్సిపాలిటీ మాదని ఊళ్ళో గర్వంగా చెప్పుకుంటాం. ఆ వరస సంఖ్య కంటే అది పుట్టిన తీరు నాకు ఎక్కువ ఇష్టం. అప్పటికి మద్రాసు నగరం బయట ఊళ్ళకు ఉన్నది 1850 నాటి చట్టం ఒక్కటే. అది ఎవరి నెత్తినా రుద్దే చట్టం కాదు. ఊరివాళ్ళు కావాలని అడిగితేనే అమలవుతుంది. అడగడమంటే మా మీద మేమే పన్ను వేసుకుంటాం, ఆ డబ్బుతో మా వీధులు మేమే బాగు చేసుకుంటాం అని ఒప్పుకోవడం. పన్ను మాట వింటేనే జనం దూరంగా జరిగేవారు కాబట్టి చాలా ఊళ్ళు అడగనే లేదు. మా ఊరు అడిగింది. అందరూ కలిసి చేయెత్తి ఉంటారని నేను అనుకోను. తెల్లవాళ్ళ కంపెనీలు, ఓడల మీద సరుకు పంపే షావుకార్లు ముందుండి ఉంటారు. వాళ్ళకి రోడ్డు కావాలి, దీపం కావాలి, రేవు దగ్గర కంపు లేకుండా ఉండాలి. కారణం వ్యాపారమే అయినా, వేసిన రోడ్డు మీద అందరూ నడిచారు.

ఆ దీపాలు వెలిగించిన మనిషి మా తాత. ఊళ్ళో ఆయన పేరు చాలామందికి తెలీదు, లాంతరు తాత అంటేనే తెలిసేది. భుజాన చిన్న నిచ్చెన, చేతిలో కిరసనాయిలు డబ్బా, నడుముకి దోపుకున్న గుడ్డ. పొద్దుగూకకముందే బయల్దేరి ఒక్కో స్తంభానికీ నిచ్చెన ఆనించి, ఎక్కి, చిమ్నీ మసి తుడిచి, ఒత్తి సరిచేసి వెలిగించి దిగేవాడట. తెల్లారగట్ట మళ్ళీ అదే దారిన ఆర్పుకుంటూ వచ్చేవాడు. వెన్నెల రాత్రులు దీపాలు పెట్టేవారు కాదు, నూనె ఆదా. నాకు ఊహ తెలిసేసరికి తాత ముసలివాడైపోయాడు, ఊళ్ళోకి కరెంటు వచ్చేసింది. అయినా సాయంత్రం అరుగు మీద కూచుని వీధి దీపం వెలిగేదాకా లోపలికి వచ్చేవాడు కాదు. వెలిగాక "ఆ, ఇక పద" అని లేచేవాడు.

రేవు బాగా నడిచిన రోజుల సంగతులు ఆయన తన తండ్రి దగ్గర విన్నవి. మాది లోతున్న రేవు కాదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, అలలు దాటుకుంటూ పడవల మీద సరుకు చేరవేసేవారు. నువ్వులు, బెల్లం, నీలిమందు, ఏజెన్సీ నుంచి దిగిన కరక్కాయలు, అన్నిటికీ మించి గోగునార. గోగునారకి బయటి దేశాల బజారులో మా ఊరి పేరే పడింది, బిమ్లీపట్నం జూట్ అని. గోనెసంచుల వ్యాపారులు ఆ పేరు ఇప్పటికీ గుర్తుపడతారు. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జూటు మిల్లు నడిచిందీ ఆ నార బలంతోనే. విజయనగరం వైపు నుంచి బళ్ళు బారులు తీరి వచ్చేవి. బండి వచ్చిందంటే ఎడ్లకి తొట్టిలో నీళ్ళుండాలి, బండివాడికి తల దాచుకునే చోటుండాలి, రాత్రి సరుకు దించుకోవడానికి దీపముండాలి. ఇవి చూసుకోవడం మున్సిపాలిటీ పని. సంతలో కూచున్నవాళ్ళ దగ్గర ఆశీలు, ఇంటి పన్ను, బందెలదొడ్డి జరిమానా, ఇలా కానీ కానీ కూడబెట్టి ఈ పనులు చేసింది.

ఊరి పొలిమేర దాటితే లోకల్ ఫండు. 1871 చట్టంతో జిల్లాల్లో లోకల్ ఫండు బోర్డులొచ్చాయి, 1884 తరవాత అవే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులయ్యాయి. రోడ్ల పక్క చెట్లు నాటించడం, సత్రాలు నడపడం, ముసాఫరు బంగళాలు చూసుకోవడం వాటి పద్దుల్లో ఉండేవి. పాత రోడ్ల మీద ఇప్పటికీ అక్కడక్కడ మిగిలిన మర్రిచెట్లు కనిపిస్తే నాకు ఆ బోర్డుల లెక్కల పుస్తకాలే గుర్తొస్తాయి. నాటినవాళ్ళు ఆ నీడన కూచుని ఉండరు. దారిన పోయేవాడి కోసం జిల్లా డబ్బుతో నాటించిన చెట్లవి. పర్యాటకం అనే మాట అప్పటికి పుట్టలేదు. పని మాత్రం జరుగుతూ ఉండేది.

తరవాత ఊరికి వెనకబాటు మొదలైంది. 1893లో రైలు వాల్తేరుకు వచ్చింది. మా ఊరిని తాకకుండా విజయనగరం మీదుగా వెళ్ళిపోయింది. 1933లో విశాఖలో లోతైన హార్బరు తెరిచారు. సరుకంతా అటు మళ్ళింది. కంపెనీల ఇళ్ళు ఖాళీ అయ్యాయి, గంటస్తంభం చుట్టూ ఊరు నెమ్మదించింది. ఆదాయం తగ్గిన మున్సిపాలిటీ ఎలా బతుకుతుందో మా ఇంట్లోనే చూశాం. మా నాన్న కూడా అందులోనే గుమాస్తా. జీతం ఆలస్యమైన నెలల్లో అమ్మ పచారీ కొట్లో ఖాతా రాయించేది.

ఆ నిదానమే మళ్ళీ మనుషుల్ని రప్పించింది. 1978లో 'మరోచరిత్ర' వచ్చింది. అందులోని పాత గోడలు, రాళ్ళు, ఇసుక మావే. ఆ సినిమా చూసిన జంటలు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి గోడల మీద పేర్లు రాసుకుని వెళ్ళేవారు. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. సాయంత్రాలు పిల్లల్ని తీసుకెళ్ళి, ఆ గోడ ఏ కాలానిదో చెప్పి, పేర్లు రాయొద్దని బతిమాలేవాళ్ళం. సినిమా తీసినవాళ్ళకి డబ్బొచ్చింది, చూపించిన హాళ్ళకి డబ్బొచ్చింది. ఊరికి మిగిలింది బడ్డీ కొట్ల ఆశీలు, ఇసుకలో చెత్త. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. లెక్క అలా నడిచింది మరి. చూడడానికి వచ్చినవాడు పెట్టే ఖర్చు ఎక్కడెక్కడో తేలుతుంది, వాడు వెళ్ళాక ఊడ్చే పని మాత్రం ఇక్కడే ఉంటుంది.

తరవాత పెద్ద సంస్థలొచ్చాయి. 1978లోనే విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ, అదే వుడా, ఏర్పడింది. కైలాసగిరి పార్కు దాని పనే. నౌకాదళం పక్కన పెట్టిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకెక్కించి 2002లో మ్యూజియం చేసింది కూడా అదే. ఆ ఏడే మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఇరుకు మెట్లు దిగుతూ వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూసిన చూపు నేను మరిచిపోలేను. మంచి పని అది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పర్యాటక సంస్థ ఋషికొండలో వసతి గదులు కట్టింది. విశాఖ నుంచి భీమిలిదాకా బీచి రోడ్డు పాతిక కిలోమీటర్ల పైన ఉంది, అంత అందమైన దారి ఈ తీరంలో మరొకటి నేను చూడలేదు. అయితే టికెట్టు డబ్బు టికెట్టు అమ్మినవాళ్ళకి, గది అద్దె గది కట్టినవాళ్ళకి వెళుతుంది. దారి చివర ఉన్న పాత ఊరికి చేరేది జనం.

74వ రాజ్యాంగ సవరణ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద పన్నెండో షెడ్యూలు మొత్తం రాసేదాన్ని. మున్సిపాలిటీలకు అప్పజెప్పదగిన పనులు 18. పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేదాన్ని, ఇందులో పర్యాటకం ఎక్కడుందో వెతకండి అని. వాళ్ళు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికేవారు. లేదు. ఆ మాటే లేదు. ఉన్నవేమిటంటే మంచినీళ్ళు, పారిశుద్ధ్యం, పార్కులు, తోటలు, సంస్కృతిని పెంపొందించడం, వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు. శ్మశానాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఒక పిల్లాడు లేచి, "టీచర్, అయితే డచ్చివాళ్ళ సమాధులు మున్సిపాలిటీ పనేనా?" అన్నాడు. పురావస్తువుల చట్టాలు వేరని చెప్పి కూచోబెట్టాను. ఇంటికొచ్చాక ఆలోచించాను, వాడు అడిగింది సరైన ప్రశ్నే. సమాధుల లోపల ఎవరు చూసుకున్నా, అక్కడిదాకా వెళ్ళే సందు, ఆ సందులో దీపం, గేటు బయట చెత్తకుండీ, ఇవన్నీ ఆ 18లోనే ఉన్నాయి.

ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 33 కొలమానాలు దాటితేనే ఆ జెండా ఎగరేస్తారు. అంతా పండగ చేసుకున్నాం. 2025 మొదట్లో కొన్నాళ్ళు ఆ జెండా దించవలసి వచ్చింది, తరవాత మళ్ళీ ఎగిరింది. దింపినప్పుడు చెప్పిన లోపాల్లో సముద్రం పేరు లేదు. శుభ్రత, వీధి కుక్కలు, మరుగుదొడ్లు, పార్కింగు. మా లాంతరు తాత ఉండి ఉంటే ఈ జాబితాలో ప్రతి మాటా ఆయనకి అర్థమయ్యేది.

వచ్చేవాళ్ళకి ముందు కనీస వసతులు చూడాలన్న బుద్ధి ఈ తీరంలో కొత్తది కాదు. మా చుట్టూ ఉన్న బౌద్ధక్షేత్రాల పేర్లు చూడండి. రాతిలో తొలిచిన తొట్లున్న కొండ తొట్లకొండ. బావులున్న కొండ బావికొండ. మా ఊరిని ఆనుకున్న పావురాలకొండ మీదా రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి. రెండు వేల ఏళ్ళనాడు భిక్షువులు వచ్చి ఉండాలంటే ముందు వాననీళ్ళు పట్టి దాచుకునే ఏర్పాటు చేశారు. స్తూపాలు శిథిలమై మట్టిలో కలిసిపోయినా, జనం నోట కొండకి నిలిచింది తొట్టి పేరే, బావి పేరే. పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం మారేది.

2011లో మా మున్సిపాలిటీకి 150 ఏళ్ళు నిండాయి. రెండేళ్ళకే విశాఖలో కలపాలని నిర్ణయం వచ్చింది. కొన్నాళ్ళు వాదులాటలు నడిచాయి. 2021 ఎన్నికలనాటికి మేం గ్రేటర్ విశాఖ 98 వార్డుల్లో మొదటి కొన్ని వార్డులం. నేను కలపడానికి పూర్తిగా వ్యతిరేకిని కాను. పెద్ద కార్పొరేషన్‌కి యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు, మా పాత ఆఫీసు కలలో కూడా పెట్టలేని ఖర్చు పెట్టగలదు. ఒక్కటే నా బాధ. పూర్వం దీపం ఆరిపోతే మా వీధివాళ్ళు నడిచి వెళ్ళి చెప్పేవారు. వినేవాడు ఆ రాత్రి అదే చీకటి వీధిలో ఇంటికి వెళ్ళవలసినవాడు. ఇప్పుడు వినేవాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళ ఇళ్ళు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఇంత పెద్ద నగరంలో, సందర్శకులు వచ్చే పాత ఊళ్ళ కోసం, అక్కడ వసూలైన ఆశీలులో, ఆస్తి పన్నులో ఇంత భాగం అక్కడే ఖర్చు కావాలని ఒక పద్దు రాస్తే బాగుండునని నా కోరిక. 1861లో మా ఊరివాళ్ళు అడిగింది కూడా దాదాపు ఇదే, మా డబ్బు మా వీధికి అని.

ఆ పెద్దావిడ వెళ్ళిన మర్నాడు ఒక అర్జీ రాశాను. సమాధుల సందులో రెండు దీపాలు. బస్సులు ఆగేచోట ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, దానికి నీళ్ళు, రోజూ కడిగే మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. గేటు పక్కన ఒక మంచినీళ్ళ కుళాయి. ఏ వీధి ఎంత పొడవు, ఆదివారం ఎన్ని బళ్ళు ఆగుతాయి, నేను కిటికీలోంచి నాలుగు వారాలు లెక్క పెట్టి వేరే కాగితం మీద రాసి జతచేశాను. వార్డు సచివాలయంలో ఉన్న అమ్మాయి అంతా చదివి, "టీచరుగారూ, అడ్రసు రాయలేదు" అంది. పెన్ను తీసుకుని ఇంటి నంబరు వేశాను, వీధి పేరు రాశాను, దాని కింద చెయ్యి తన అలవాటున భీమునిపట్నం మున్సిపాలిటీ అని రాసేసింది. ఆ అమ్మాయి చూసి ఏమీ అనలేదు. ముద్ర వేసి రసీదు చేతికిచ్చింది.