శ్రుతికటువు గుణమైన వేళ

భాషాప్రవీణ చదివే రోజుల్లో మా గురువుగారు కావ్యప్రకాశంలోని దోషప్రకరణం చెబుతూ ఒక చోట తప్పక ఆగేవారు. శ్రుతికటువు, అనగా చెవికి పరుషంగా తగిలే శబ్దం, కావ్యదోషమని చెప్పిన మమ్మటుడే రౌద్రాది రసాలలో అది గుణమవుతుందని కూడ అంటాడు. "దోషం ఎక్కడ ఉన్నదో చూడకుండా దోషమనకండిరా" అనేవారు గురువుగారు. ఆ మాట వల్లె వేశానే గాని, దానికి సరియైన ఉదాహరణ అరవై దాటాక ఒక ఇంగ్లీషు రాక్ రికార్డులో దొరుకుతుందని కలలో కూడ అనుకోలేదు.

మా చిన్నవాడు ఇంటర్ చదివేటప్పుడు బ్లాక్ సబ్బాత్ అనే బృందం వారి క్యాసెట్టు ఒకటి తెచ్చి మేడమీద గదిలో పెట్టేవాడు. "ఇది సంగీతమట్రా! రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంది" అని మందలించాను. వాడు మారు పలకక ఆపివేశాడు. 2025 జులైలో ఆ బృందపు గాయకుడు ఆజీ ఆస్బర్న్ మరణించాడని పత్రికల్లో వచ్చిన నాడు వాడు ఫోను చేసి, "నాన్నగారూ, మొదటి పాట ఒక్కటి వినండి, తరువాత మీ ఇష్టం" అన్నాడు. విన్నాను. ఆపైన ఆ రికార్డు పుట్టుపూర్వోత్తరాలన్నీ వెదికి చదివాను.

వర్షం, దూరంగా గుడిగంట, ఉరుము. ఇవి నిర్మాత రాడ్జర్ బెయిన్ తరువాత చేర్పించినవి. వెంటనే గిటారు మీద మూడే మూడు స్వరాలు. షడ్జం, తారషడ్జం, అక్కడి నుండి దిగి ప్రతిమధ్యమం. ఆ మూడవ స్వరం దగ్గర ఆగి వణుకుతుంది. మన కల్యాణిలో ప్రతిమధ్యమం పంచమం వైపు మొగ్గి, అందులో విశ్రాంతి పొందుతుంది. డెబ్బది రెండు మేళకర్తలలో ముప్ఫయి ఆరింటికి ఆ స్వరమే ఆధారం, పెండ్లిపందిట్లో మంగళప్రదం. ఐరోపా సంగీతశాస్త్రంలో మాత్రం ఆ అంతరానికి "సంగీతంలోని సైతాను" అని పేరు. మధ్యయుగాల్లో చర్చి దానిని నిషేధించిందని చాలామంది రాస్తారు. అది కట్టుకథ, ఆ పేరు గ్రంథాల్లో కనిపించేది పద్దెనిమిదవ శతాబ్దం నాటికి. ఒకే స్వరం ఒక చోట మంగళం, మరొక చోట భయం. బృందంలో బేస్ గిటారు వాయించే గీజర్ బట్లర్‌కు గుస్తావ్ హోల్స్ట్ రచించిన "గ్రహాలు"లోని కుజుని ఖండమంటే ఇష్టం. అతడు దానిని వాయించుకుంటూండగా విన్న పిమ్మటనే టోనీ అయోమీకి ఈ వరుస తట్టిందని చెబుతారు.

ఈ అయోమీ కథ చెప్పకుండా ఆ రికార్డును గురించి చెప్పలేము.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో ఆస్టన్ అనే కార్మికవాడ. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ బాంబులు పడిన ఊరు. కూలిన ఇండ్ల శిథిలాల మధ్య ఆడుకుంటూ పెరిగినవారే ఈ నలుగురూ. ఆస్బర్న్ కొంతకాలం పశువధశాలలో పని చేశాడు, చిన్న దొంగతనానికి జైలుకూ వెళ్ళి వచ్చాడు. బట్లర్ లెక్కల గుమాస్తా పని నేర్చుకుంటున్నవాడు. డ్రమ్ములు వాయించే బిల్ వార్డుకు జాజ్ మీద మక్కువ. అయోమీ రేకుల కర్మాగారంలో పనివాడు. 1965లో, పదిహేడేళ్ళ వయస్సులో, ఒక బృందంతో ఐరోపా వెళ్ళి వాయించే అవకాశం వచ్చి ఆ ఉద్యోగం మానుకుంటున్నాడు. అది ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక వెళ్ళనంటే తల్లి, పని మధ్యలో విడిచిపెట్టడం మర్యాద కాదు, వెళ్ళిరమ్మన్నది. ఆ పూట మరొకరు రాకపోవడం చేత తనకు అలవాటు లేని ప్రెస్సు యంత్రం దగ్గర నిలబెట్టారు. యంత్రం కుడిచేతి మీద పడింది. అతడు ఉలిక్కిపడి చేయి వెనక్కు లాగుకున్నాడు. నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు కొసలు తెగిపోయాయి. అయోమీ ఎడమచేతివాటం వాడు. తీగలను మెట్ల మీద అదిమిపట్టే చేయి కుడిదే.

వైద్యులు గిటారు మరచిపొమ్మన్నారు. కర్మాగారంలోని పెద్ద ఒకాయన ఇంటికి వచ్చి ఒక రికార్డు చేతిలో పెట్టాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో నివాసపు బండి అంటుకుని ఎడమచేతి రెండు వ్రేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగిలిన వ్రేళ్ళతో జాజ్ గిటారుకు రారాజైనవాడు ఆయన. ఆ రికార్డు ఇచ్చిన మనిషికి మనసులో నమస్కరించాను. ఉపాధ్యాయుడు చేయవలసిన పని ఆయన చేశాడు.

అయోమీ గిన్నెలు తోమే సబ్బునీళ్ళు వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి, వ్రేళ్ళకు సరిపడే తొడుగులు చేసుకున్నాడు. అవి తీగ మీద జారకుండా పాత తోలు ముక్కలు అంటించాడు. మామూలు తీగలు అదిమితే నొప్పి. సన్నని తీగలు ఆనాడు అంగళ్ళలో దొరకవు. బాంజో తీగలు తెచ్చి బిగించాడు. తొడుగులోంచి తీగ స్పర్శ తెలియదు. సున్నితమైన గమకాలు, చిక్కు శ్రుతులు కష్టం. అందుకని రెండు మూడు స్వరాలను కలిపి బరువుగా, నిదానంగా మోగించే పద్ధతిలో పడ్డాడు. తీగలను మరింత సడలించి శ్రుతి దించడం 1971 నాటి మూడవ ఆల్బంలో జరిగింది. ఈ తొలి రికార్డు నాటికి శ్రుతి మామూలుదే.

రికార్డు జరిగినది 1969 అక్టోబరు 16న, లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో. నాలుగు ట్రాకుల యంత్రం, పన్నెండు గంటల కాలం. నలుగురూ ఊళ్ళల్లో సభలలో ఎట్లా వాయించేవారో అట్లాగే వరుసగా వాయించుకుపోయారు. ఆస్బర్న్ ప్రక్కన చిన్న గదిలో నిలబడి వారితోబాటే పాడాడు. మొదటి పాట కాగానే అయోమీ గిటారు చెడిపోయింది; వెంట తెచ్చుకున్న రెండవ దానితోనే మిగిలినవన్నీ. ఇల్లు కట్టి గోడలకు సున్నం వేయకుండానే గృహప్రవేశం చేసినట్లు! ఇటుకలు కనబడుతున్నాయి. రికార్డు బలమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం. "వార్నింగ్" అనే పాటలో గిటారు ఎంతో సేపు దారి వెదుక్కుంటూ తిరుగుతుంది. అతికించి నున్నగా చేసినచోటు కనబడదు. డ్రమ్ములు గిటారును తరుముతున్నాయో, గిటారే డ్రమ్ములను లాగుతోందో తెలియదు. సాహిత్యం మాత్రం, నిర్మొగమాటంగా చెబుతున్నాను, పేలవం. పదవ తరగతి కుర్రవాడు రాస్తే నేను ఎర్రసిరాతో దిద్దేవాణ్ణి. కాని భయపడినవాడు ఛందస్సు చూసుకుంటాడా? ఆ గొంతులో నేర్పు తక్కువ, నిజం ఎక్కువ.

పేరు కూడ భయం నుండి వచ్చినదే. అంతకు ముందు "ఎర్త్" అని పిలుచుకునేవారు. తాము సాధన చేసే చోటుకు ఎదురుగా ఉన్న సినిమాహాలులో 1963 నాటి ఇటలీ భయానకచిత్రం ఆడుతుంటే, డబ్బిచ్చి మరీ భయపడడానికి జనం వరుసకట్టారే అని బట్లర్‌కు విస్మయం. ఆ చిత్రం పేరే తీసుకున్నారు. అట్ట లోపలి వైపు తలక్రిందుల శిలువను మాత్రం కంపెనీవారు వీరినడగకుండానే వేశారు. సైతాను భక్తులన్న అపనింద దానితో మరింత బలపడింది.

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు రికార్డు విడుదలైంది. విమర్శకులు మెచ్చలేదు. "రోలింగ్ స్టోన్"లో లెస్టర్ బాంగ్స్ దానిని క్రీమ్ అనే బృందానికి నాసిరకం అనుకరణగా తీసిపారేశాడు. జనం వేరుగా తీర్పు చెప్పారు. బ్రిటన్‌లో 8వ స్థానం, అమెరికాలో 23వ స్థానం. నేను బాంగ్స్‌ను తప్పు పట్టలేను. మేడమెట్ల మీద నిలబడి నేనన్న మాట దానికంటె మేలైనది కాదు. పైగా నా ఉపమానంలో తెలియక దొర్లిన నిజం ఒకటుంది. ఆ ధ్వని వచ్చినది నిజంగానే రేకుల షెడ్డులోంచి.

2025 జులై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో, ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. 2005 తరువాత నలుగురూ ఒకే వేదిక మీదికి రావడం అదే. పార్కిన్సన్ వ్యాధితో నిలబడలేని ఆస్బర్న్ సింహాసనం వంటి నల్లని కుర్చీలో కూర్చుని పాడాడు. పాడిన నాలుగు పాటలలో ఒకటి, "ఎన్.ఐ.బి.", ఆ పన్నెండు గంటలలో రికార్డు చేసినదే. జులై 22న ఆయన కన్నుమూశాడు.

మా చిన్నవాడికి ఫోను చేసి, ఆ పాత క్యాసెట్టు ఉన్నదా అని అడిగాను. "మీరు మందలించిన మరునాడే స్నేహితుడికి ఇచ్చేశాను నాన్నగారూ" అన్నాడు.