వినే చెవులకు మాట్లాడే నోరు : కాలేజీ రేడియో తొలినాళ్లు

గార్లదిన్నెలో టీ అంగట్లో ఒక్క రేడియో ఉంటే చుట్టూ ఇరవై మంది చేరే కాలం మన పెద్దలకు బాగా గుర్తే. 1963లో కడప కేంద్రం మొదలైనాక మన సీమ మాట కొంత వినపడింది. అయినా చెప్పేది వాళ్లు, వినేది మనం. రేడియో పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టినాము గానీ, మాట్లాడే లైసెన్సు మనకెవ్వరూ ఇయ్యలేదు.

తొలుత అట్లా లేదు. 1933లో హైదరాబాదులో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి 200 వాట్ల చిన్న స్టేషను సొంతంగా నడిపినాడు. 1935లో దానిని నిజాం ప్రభుత్వం తీసుకున్నది. 1950లో అది ఆకాశవాణిలో కలిసిపోయింది. తర్వాత అర్ధ శతాబ్దం గాలిలో సర్కారు గొంతు ఒక్కటే.

1995లో సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు అనుమతి దొరికింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో 'అన్నా ఎఫ్.ఎం.' మొదలైంది. మన దేశంలో తొలి క్యాంపస్ రేడియో అదే. వినపడేది కొద్ది కిలోమీటర్ల మేరకే. అయితేనేమి, విద్యార్థులే మైకు పట్టినారు, చుట్టుపక్కల పేటల ఆడవాళ్లను కూడా పిలిచి మాట్లాడించినారు.

కాలేజీకి దక్కినది పల్లెకు వెంటనే దక్కలేదు. జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు అప్పటికే స్టూడియో సిద్ధం చేసుకొని ఉన్నారు. అనుమతి లేక, విత్తనాల సంగతులు, పాటలు క్యాసెట్లలో నింపి, సంఘం మీటింగుల్లో వినిపించుకుంటూ ఏండ్ల తరబడి కాచుకున్నారు. 2006లో నిబంధన మారింది. 2008 అక్టోబరు 15న వారి 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. పెద్ద చదువులు లేని ఆ తల్లులే దాన్ని నడిపినారు. ఇట్లాంటి స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే హక్కు మాత్రం ఇప్పటికీ లేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? కరువులో శనగచేను ఎండినప్పుడు ఇల్లు ఎట్లా గడిచిందో చెప్పగల ముసలివాళ్లు మన మధ్య ఏటేటా తగ్గిపోతున్నారు. మన ఇళ్లలో తెలుగూ దక్కనీ కలగలిపి మాట్లాడే ఆ తియ్యటి మాట ఏ పుస్తకంలోనూ లేదు. స్టేషను ఎప్పుడు వస్తుందో అల్లాకే ఎరుక. మాచనూరు తల్లులు మాత్రం స్టేషను కోసం ఆగలేదు, ముందు రికార్డు చేసుకున్నారు. అనంతపురం కాలేజీలకు పోయే మన బిడ్డలారా! ఈ సెలవుల్లో మీ నానీ ముందర ఒక గంట కూర్చోండి. చేతిలోని ఫోను చాలు.