ఆముక్తమాల్యదయందలి దినచర్య

విజయనగరమును 1509 మొదలు 1529 వఱకు నేలిన శ్రీకృష్ణదేవరాయల దినచర్యను పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పాయెసు వ్రాసి యుంచెను. రాయలు తెల్లవాఱకమున్నే నువ్వులనూనెను త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించి, బరువు లెత్తి, త్రాగిన నూనె చెమటయై వెలువడువఱకు కత్తిసాము చేసి, జెట్టితో పెనఁగి, పిమ్మట గుఱ్ఱమెక్కి వేగువఱకు స్వారి చేయునఁట. ఇట్లు ప్రతిదినము చీఁకటితో మేల్కొను ఱేని కావ్యమున వేకువజామునకు ఘనమైన చోటు దొరకుట యబ్బురము గాదు. కావ్యమునకుఁ గారణమైన స్వప్నమే, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున, హరివాసరపు రేయి నాలవజామున వచ్చినట్లు చెప్పఁబడినది.

ఆముక్తమాల్యద ఆఱాశ్వాసముల ప్రబంధము. అది కఠినమను పేరు లోకమున స్థిరపడినది. వ్యాఖ్య లేక పండితులైనను చొరఁజాలరను మాట వ్యాపించుటచే సామాన్యపాఠకులు దానికి దూరమునుండియే నమస్కరించి విడుచుచున్నారు. వేదము వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య వెలసిన పిమ్మట ఆ భయము తీరవలసి యుండెను, తీరలేదు. ఈ భయమువలనఁ గలిగిన నష్టము చిన్నది కాదు. ఆ కాలపు రాజులు దానమిచ్చిన గ్రామములు శాసనములందుఁ గలవు. ఆ గ్రామములలో పొయ్యి యెట్లు మండెనో, జడివాననాఁడు కాఁపు ఏమి తినెనో ఎఱుఁగఁగోరువారు ఈ కావ్యము తెఱవవలసినదే.

విల్లిపుత్తూరి వర్ణనమే చూడుఁడు. వరిమళ్ల కాలువలలో బాతులు తలలు ఱెక్కలలో దూర్చి నిద్రించుచుండును. తలారులు వానిని చూచి, వేకువనే స్నానమాడిపోయిన బ్రాహ్మణులు పిండి మఱచిపోయిన బట్టలని తలఁచి, తీసి యిచ్చివేయఁగోరి దిగుదురు. బాతులు లేచి పాఱును. పైరు కాచు పడుచులు నవ్వుదురు. పురవర్ణనమన మేడలు, గోపురములు, చతురంగబలములు నని కవిసమయము నిర్ణయించి యుండఁగా, కాలువలోని బాతును చూడ నీ రాజునకుఁ దీరిక యెట్లు దొరకెనో!

విష్ణుచిత్తుని యింటి భోజనములు ఇంతకంటె నద్భుతములు. వానకాలమున వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో ముందు చందనము పూసి, నులివెచ్చని యన్నము, తియ్యని చారు, పలుచని యంబలి, చెఱకురసము, లేఁగొబ్బరినీరు, మజ్జిగ. చలికాలమున మిరియపుఁబొడి పట్టిన వేఁడికూరలు, ఆవఘాటు గల పచ్చళ్లు. ఇవి పట్టికలుగా నుండిపోలేదు. జడివాననాఁడు పొగ భార్య కన్నులఁ జొరకుండుటకై పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వండించెనని కవి చెప్పును. నడురేయి యా యింటిచెంత చెవి యొగ్గినవారికి హరికథలతోపాటు, కూరలు చాలవు, అన్నము వేఁడిగా లేదు, దయచేసి భుజింపుఁడని అతిథిని వేఁడుకొను మాటయు వినవచ్చునఁట.

నాలవ యాశ్వాసపు వర్షర్తువునందు ఇదియే దృష్టి మఱింత తీక్ష్ణమగును. నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరుగవలెను. తెచ్చిన నిప్పు రాఁజదు. రాఁజిన నిల్లంతయుఁ బొగయే. రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి మొదలగు ఆకులను చింతచిగురుతోఁ గలిపి నూనెతో వండించుకొని, ఆరికకూటితోఁ దిని, మేఁకపెంటికల కుంపటి దగ్గఱ పెట్టుకొని మంచమెక్కుదురు. లేఁగలు వచ్చి వారి యొడలు నాకుచుండును. కథ పాండ్యదేశమునఁ జరుగుచున్నను, వాన కురిసినది మాత్రము తెనుఁగునేలమీఁదనే.

ఈ కావ్యము అల్లసాని పెద్దన రచించి రాయల పేరఁ బెట్టెనని వాదించినవారు కలరు. వారు ఒక్క విషయము గమనింపవలెను. మనుచరిత్రమునందును అతిథిపూజ కలదు. ప్రవరుని గృహిణి వేవురు వచ్చినను వండ నలయదనియు, నడురేయియైనను అన్నము పెట్టుననియు, అన్నపూర్ణకు సాటి యనియుఁ బెద్దన పొగడెను. పొగడ్త మనోహరమే, కాని యామె ఏమి వండెనో, ఏ వంటచెఱకు మండించెనో, పొగ యామె కన్నులకు సోఁకెనో లేదో పెద్దన చూడలేదు. ఇంతమాత్రముచేతఁ గర్తృత్వనిర్ణయము కాదు. ఒకే యింటిని చూచిన కన్నులు మాత్రము రెండు వేఱువేఱుగాఁ దోఁచుచున్నవి.

పేరునందే కావ్యమర్మము కలదు. విష్ణుచిత్తునకు దినదినము తులసిమాలలు కట్టుట పని. ఆ మాలను గోద ముందు తాను దాల్చి పిమ్మట స్వామి కంపుట ఆమె నిత్యపు టలవాటు. ఒక్క పర్వదినమున జరిగినది కాదు. అట్లే తుదియాశ్వాసమున మాలదాసరి ప్రతిదినము వేకువనే కురుంగుడి కేఁగి గుడివాకిట మంగళకైశికి పాడివచ్చును. ఒకనాఁడు వేళతప్పి కూసిన కోడిని నమ్మి నడురేయి బయలుదేఱి, త్రోవ తప్పి, మఱ్ఱిమీఁది బ్రహ్మరాక్షసుని వాతఁబడును. ప్రాణము నడుగలేదు, నేఁటి పాట పాడివచ్చెదను, పిమ్మటఁ దినుమనెను. ఒట్లు పెట్టుకొని, రాక్షసునిచే విడువఁబడి, గుడికిఁ బోయి, నిన్నటివలెనే పాడి, ఆ మఱ్ఱికడకుఁ దిరిగివచ్చెను.